బోజొలే ఎర్ర వైన్: గామే ద్రాక్ష, గ్రానైట్ నేల, గుత్తికోత

ఫ్రాన్సు దేశపు ఎర్ర వైన్లలో బోజొలే స్థానం కొంత విలక్షణమైనది. బోర్డో, బర్గండీ ప్రాంతాల మేలిరకం వైన్లను ఏళ్ల తరబడి నిల్వ ఉంచి తాగుతారు. బోజొలేను చాలావరకు తయారైన ఒకటి రెండేళ్లలోనే, కొంచెం చల్లబరచి, రోజువారీ భోజనంతో పాటు సేవిస్తారు. పలుచని ఎరుపు, ఎర్రని పండ్ల వాసన, తక్కువ వగరు, నోటిని తేటపరచే పులుపు దీని గుర్తులు. ఈ తేలికదనాన్ని కొందరు తయారీదారు పనితనంగా, మరికొందరు చౌక సరుకు లక్షణంగా భావిస్తారు. నిజానికి అందులో అధిక భాగం తోటలోనే నిర్ణయమవుతుంది. రకం ఎంపిక, నేల స్వభావం, దిగుబడిపై అదుపు, గుత్తిని కోసే తీరు పొందికగా కుదిరినప్పుడు బోజొలే రుచి వస్తుంది. వీటిలో ఏ ఒక్కటి సడలినా ఆ లోటు గ్లాసులో తెలుస్తుంది. ఆ పొందిక కుదిరిన కాలమూ, సడలిన కాలమూ రెండూ ఈ ప్రాంత చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి. వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి ఈ వైన్ పరిశీలనాంశం కావలసింది ఆ కారణంగానే.

ప్రాంతం, నేలలు

బోజొలే ప్రాంతం తూర్పు ఫ్రాన్సులో మాకాన్ పట్టణానికి దక్షిణాన మొదలై లియాన్ నగర సమీపం వరకు సుమారు 55 కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉంది. తూర్పున సోన్ నది మైదానం, పడమట కొండల వరుస ఉన్నాయి. తోటలు ఈ రెండింటి నడుమ ఉన్న వాలు భూములలో సుమారు 200 నుంచి 500 మీటర్ల ఎత్తు వరకు పెరుగుతాయి. కొండలు పడమటి గాలుల ఉధృతిని తగ్గిస్తాయి. తూర్పు వాలుకు ఉదయపు ఎండ తగులుతుంది.

విల్‌ఫ్రాంష్ పట్టణ పరిసరాలను సరిహద్దుగా తీసుకుంటే ఉత్తర, దక్షిణ భాగాల నేలలు పూర్తిగా భిన్నమైనవి. దక్షిణాన సున్నపురాయి, బంకమన్ను కలిసిన నేలలు ఎక్కువ. అక్కడి పసుపుపచ్చని రాతితో కట్టిన ఇళ్ల వల్ల ఆ భాగానికి 'బంగారు రాళ్ల సీమ' అని పేరు వచ్చింది. ఉత్తరాన గ్రానైట్ రాయి శిథిలమై ఏర్పడిన ముతక ఇసుక నేలలు విస్తారంగా ఉన్నాయి. వీటి లోతు తక్కువ, తేమను నిలుపుకునే శక్తి తక్కువ, సేంద్రియ పదార్థమూ తక్కువే. ఆమ్ల స్వభావం వల్ల ఉదజని సూచిక తరచు 6 కంటే దిగువనే ఉంటుంది. అక్కడక్కడా వేరే శిలలూ కనిపిస్తాయి. మోర్గాన్ గ్రామపు పీ కొండపై ముక్కలుగా విరిగిపోయే రాతిని రైతులు 'కుళ్లిన రాయి' అంటారు. బ్రూయీ కొండ వాలుపై నీలిరంగు కఠినశిల ఉంటుంది. 2009లో మొదలుపెట్టి సుమారు దశాబ్ద కాలం సాగిన నేలల సర్వేలో ఈ చిన్న ప్రాంతంలోనే 300 వరకు నేల రకాలను గుర్తించారు.

ఫ్రాన్సులో మూలస్థాన గుర్తింపు విధానం మన భౌగోళిక గుర్తింపు వంటిదే గాని, అది రకాన్ని, కత్తిరింపు పద్ధతిని, దిగుబడి పరిమితిని కూడా నిర్దేశిస్తుంది. బోజొలేలో ఇది మూడు అంచెలుగా ఉంది. సాధారణ బోజొలే మొదటిది. ఉత్తరాది గ్రామాలకు చెందిన బోజొలే-విలాజ్ రెండవది. ఆపై 'క్రూ' అని పిలిచే పది ప్రత్యేక స్థలాలు ఉన్నాయి. సాంతమూర్, జూలియెనా, షేనా, ములాన్-ఆ-వాన్, ఫ్లూరీ, షిరూబ్ల్, మోర్గాన్, రేనియే, బ్రూయీ, కోట్ ద బ్రూయీ ఆ పదీ. వీటిలో రేనియేకు ఈ హోదా 1988లో లభించింది. పదీ ఉత్తర భాగంలోనే ఉన్నాయన్నది గమనార్హం. పేద నేలలున్న చోటే మేలైన వైన్ వస్తున్నదన్నమాట. సారవంతమైన నేల అంటే మంచి నేల అనే అలవాటైన సమీకరణం ఇక్కడ పనిచేయదు.

బహిష్కరణకు గురైన రకం

బోజొలే తోటలలో నూటికి 95కు పైగా భాగం ఒకే రకానిది. దాని పూర్తి పేరుకు 'తెల్ల రసపు నల్ల గామే' అని అర్థం. తొక్క నల్లగా ఉన్నా లోపలి రసానికి రంగు ఉండదు. గామే అన్నది బర్గండీలోని బోన్ పట్టణం దగ్గరి ఒక చిన్న ఊరి పేరు కూడా.

ఈ రకం పుట్టుక చాలాకాలం ఊహలకే పరిమితమైంది. 1999లో అమెరికా, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు 300కు పైగా ద్రాక్ష రకాల డి.ఎన్.ఎ.ను పోల్చి, గామే, షార్డొనేలతో సహా ఈశాన్య ఫ్రాన్సుకు చెందిన 16 రకాలు ఒకే జంట సంతానమని తేల్చారు. ఒక పక్క తల్లిదండ్రులలో ప్రతిష్ఠ గల పీనో ఉంది. మరో పక్క ఉన్నది గ్వే బ్లాన్, సామాన్య రైతులు పెంచిన, నాణ్యత లేదని చులకనకు గురైన తెల్ల ద్రాక్ష. తల్లిదండ్రుల మధ్య జన్యుపరమైన దూరం ఎక్కువగా ఉన్నప్పుడు సంతానంలో బలం కనిపించడం మొక్కల ప్రజననంలో తెలిసిన విషయమే. గామే పీనో కంటే ముందుగా పక్వమవుతుంది, అంతకంటే చాలా ఎక్కువ కాపు ఇస్తుంది.

ఆ అధిక కాపే దానికి శాపమైంది. 14వ శతాబ్దపు మహామారి తరువాత కూలీల కొరత ఏర్పడినప్పుడు, తక్కువ శ్రమతో ఎక్కువ దిగుబడినిచ్చే గామే వైపు బర్గండీ రైతులు మొగ్గారు. 1395లో బర్గండీ డ్యూక్ అయిన ధైర్యశాలి ఫిలిప్ ఈ రకాన్ని నీచమైనదిగా, నమ్మకద్రోహిగా నిందిస్తూ, పెరికివేయవలసిందని ఉత్తర్వు జారీ చేశాడు. తోటలకు పశువుల ఎరువు వేయడాన్ని కూడా ఆ ఉత్తర్వు తప్పుపట్టింది. అందులోని భాష రాజకీయమైనదే అయినా గమనింపు సరైనదే. బలమైన నేలలో, ఎరువు తోడై, అధికంగా కాసిన గామే నుంచి పలుచని, రుచి లేని వైన్ వస్తుంది. అయితే తప్పు రకానిదా, నేలదా అన్న ప్రశ్న ఆ ఉత్తర్వుకు తట్టలేదు. డ్యూక్ మనుమడు ఫిలిప్ ద గుడ్ కాలంలోనూ నిషేధాన్ని మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. మొదటి ఉత్తర్వును రైతులు ఎంతవరకు పాటించారో దీనినిబట్టి ఊహించవచ్చు.

బోజొలే అప్పట్లో బోజూ ప్రభువుల ఏలుబడిలో ఉండేది. బర్గండీ డ్యూక్ ఆజ్ఞ అక్కడ చెల్లలేదు. గ్రానైట్ నేలలో గామే సహజంగానే అదుపులో పెరిగింది. 1642లో బ్రియార్ కాలువ పూర్తయి లువార్, సేన్ నదులు కలిసిన తరువాత బోజొలే వైన్‌కు పారిస్ మార్కెట్ తెరుచుకుంది. అప్పటిదాకా అది ప్రధానంగా లియాన్ వాసుల పానీయం. ఆ నగరానికి రోన్, సోన్ కాక మూడో నది బోజొలే అనే ఛలోక్తి నేటికీ వినిపిస్తుంది.

తోట యాజమాన్యం

బోజొలేలో సంప్రదాయ పద్ధతి తీగెకు ఊతం లేకుండా పొట్టి మొదలు నుంచి నాలుగైదు కొమ్మలను గిన్నె ఆకారంలో పెంచడం. ప్రతి కొమ్మపై రెండు కళ్లు మాత్రమే ఉంచి చలికాలంలో కత్తిరిస్తారు. ఇంత పొట్టి కత్తిరింపు సాధ్యం కావడానికి కారణం గామేలో మొదలు దగ్గరి కళ్లు కూడా ఫలవంతమైనవి కావడమే. థామ్సన్ సీడ్‌లెస్ వంటి రకాలలో మొదటి కళ్లు సరిగా కాయవు కనుక కొమ్మలను పొడవుగా ఉంచవలసి వస్తుంది. హైదరాబాదు పరిసరాలలో అనాబ్-ఎ-షాహి తోటలను చూసినవారికి మరో తేడా కూడా వెంటనే తోస్తుంది. ఇక్కడ పందిరిపై హెక్టారుకు కొన్ని వందల మొక్కలు ఉంటే, బోజొలేలో 6,000 నుంచి 10,000 వరకు ఉంటాయి. ఇక్కడ చలికాలపు నిద్రావస్థ లేనందున వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరిస్తారు. అక్కడ ఏడాదికి ఒక్క కత్తిరింపే. దగ్గర దగ్గరగా నాటడం వల్ల మొక్కల మధ్య వేర్ల పోటీ పెరిగి, మొక్కకు కాసే పంట తగ్గుతుంది. నిబంధనల ప్రకారం అనుమతించే దిగుబడి హెక్టారుకు సుమారు 60 హెక్టోలీటర్ల వైన్. క్రూలలో ఇది ఇంకా తక్కువ.

గామే త్వరగా చిగురిస్తుంది కాబట్టి వసంతకాలపు మంచుకు గురయ్యే ప్రమాదం ఎక్కువ. అయితే ప్రధాన మొగ్గ మాడిపోయినా పక్కనున్న ద్వితీయ మొగ్గ నుంచి కొంత కాపు వస్తుంది. ఉత్తరాది చలి ప్రాంతంలో రైతు ఈ రకాన్ని వదలకపోవడానికి ఇదొక కారణం. గుత్తి బిగుతుగా ఉండడం దీని లోపం. కోత సమయంలో వానలు పడితే బూడిదరంగు కుళ్లు తెగులు గింజ నుంచి గింజకు పాకుతుంది.

సస్యరక్షణలో ఈ ప్రాంతం రెండు కష్టకాలాలు చూసింది. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో 'పిరాల్' అనే రెక్కల పురుగు తోటలను నాశనం చేసింది. దాని లార్వాలు చలికాలమంతా బెరడు కింద దాగి, వసంతంలో చిగుళ్లను తిని, ఆకులను గూళ్లుగా చుట్టేవి. రొమనేష్ గ్రామవాసి బెనువా రాక్లే తన ఇంటి గోడ దగ్గర, వంటింటి వేడినీరు పడే చోట ఉన్న తీగె మాత్రం పచ్చగా ఉండడం గమనించాడు. చలికాలంలో తీగె మొదళ్లపై మరిగే నీరు పోసి లార్వాలను చంపే పద్ధతిని ఆ పరిశీలన నుంచి రూపొందించాడు. మొదట ఇరుగుపొరుగు అతణ్ణి నమ్మలేదు. తరువాత ఆ పద్ధతి వేలాది తోటలకు పాకి, రసాయనిక మందులు వచ్చేవరకు ఒక శతాబ్దానికి పైగా నిలిచింది. ప్రతి తోటకూ నీరు మరిగించే చిన్న బాయిలరు ఉండేది. రైతు పరిశీలన నుంచి పుట్టి విస్తరణకు నోచుకున్న సాంకేతికతకు విస్తరణ పాఠాలలో చెప్పదగిన ఉదాహరణ ఇది.

రెండోది ఫైలోక్సెరా వేరుపేను. అమెరికా నుంచి వచ్చిన ఈ పురుగు 1870 దశకంలో ఇక్కడికి చేరింది. షిరూబ్ల్ గ్రామానికి చెందిన ద్రాక్ష రకాల నిపుణుడు విక్తోర్ పుల్యా అమెరికా జాతుల వేరుమూలాలపై అంటుకట్టడమే శాశ్వత పరిష్కారమని వాదించి, రైతులకు ఆ పనిలో శిక్షణ ఇచ్చాడు. ఆమ్ల గ్రానైట్ నేలకు, గామే రకానికి బాగా పొసగిన వియాలా అనే వేరుమూలం బోజొలేలో విస్తృతంగా నాటుకుంది.

గింజ లోపలే మొదలయ్యే కిణ్వనం

సాధారణంగా ఎర్ర వైన్ కోసం ద్రాక్షను తొడిమలు తీసి, చిదిమి, తొక్కలతో సహా పులియబెడతారు. బోజొలేలో గుత్తులను చిదమకుండా తొట్టిలో నింపుతారు. అడుగున ఉన్న గింజలు పైబరువుకు నలిగి రసం కారుతుంది. ఆ రసం ఈస్టు వల్ల పులిసి బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. ఈ వాయువు తొట్టిని నింపగా, పైనున్న చెక్కుచెదరని గింజలకు ప్రాణవాయువు అందదు. కణాలు ఇంకా సజీవంగానే ఉన్నందున గింజ తనలోని ఎంజైములతోనే అవాయు పద్ధతిలో చక్కెరను కొద్దిగా ఆల్కహాలుగా మారుస్తుంది. ఆల్కహాలు సుమారు 2 శాతానికి చేరేసరికి కణాలు మరణించి గింజ చితుకుతుంది, మిగిలిన చక్కెరను ఈస్టు పులియబెడుతుంది. ఈ విధానాన్ని అర్ధ కార్బానిక్ పద్ధతి అంటారు. బొగ్గుపులుసు వాయువులో ఉంచిన ద్రాక్షకు వేరే రుచి వస్తుందని లూయీ పాశ్చర్ 1872లోనే గమనించాడు. 1934లో నార్బొన్ పరిశోధన కేంద్రంలో మిషెల్ ఫ్లాంజీ దానిని శాస్త్రీయంగా అధ్యయనం చేశాడు. బోజొలే వైన్ వ్యాపారి, రసాయన శాస్త్రజ్ఞుడు అయిన జూల్ షోవే దానిని ఈ ప్రాంత పరిస్థితులకు అన్వయించి పరిశోధించాడు.

గింజ లోపల జరిగే మార్పులలో మూడు రుచికి కీలకం. మాలిక్ ఆమ్లంలో గణనీయమైన భాగం ఖర్చవుతుంది, కనుక పులుపు తీవ్రత తగ్గుతుంది. తొక్కలోని రంగు పదార్థాలు గుజ్జులోకి దిగుతాయి, కాని గింజలోని విత్తనాలు నలగనందున వాటి వగరు అంతగా బయటికి రాదు. దాల్చిన ఆమ్లపు ఎస్టర్లు, బెంజాల్డిహైడ్ వంటి సువాసన పదార్థాలు ఏర్పడి స్ట్రాబెర్రీ, చెర్రీ వాసననిస్తాయి.

ఈ ప్రక్రియ అంతా గుత్తి చెక్కుచెదరకుండా తొట్టికి చేరడంపై ఆధారపడి ఉంది. కోత యంత్రం గింజలను రాల్చి తెస్తుంది, గుత్తిని తేదు. అందుకే బోజొలేలో చేతికోత నిలిచింది, దానితో పాటు కూలి ఖర్చూ నిలిచింది.

రుచి

సాధారణ బోజొలేలో ఎర్రని చిన్న పండ్ల వాసన, మెత్తని స్పర్శ, చురుకైన పులుపు ఉంటాయి. క్రూలను గ్రామం పేరుతో వేరుచేయడం ఉత్తి ఆచారం కాదు. ఫ్లూరీ వైన్‌లో పూల వాసన, మెత్తదనం ప్రధానం. షిరూబ్ల్ ఎత్తైన చోట పండేది కనుక తేలికైనది. మోర్గాన్, ములాన్-ఆ-వాన్ వైన్లు గట్టివి, ఐదు పదేళ్లు నిల్వ ఉంటాయి. ములాన్-ఆ-వాన్ గాఢతకు నేలలోని మాంగనీసే కారణమని తరచు చెబుతారు. ఆమ్ల నేలలో మాంగనీసు కరిగి మొక్కకు అధికంగా అందుతుంది, పెరుగుదలను తగ్గిస్తుంది, కనుక ఈ వాదనను కొట్టివేయలేము. అయినా ఒక్క మూలకానికే రుచిని అంటగట్టడం కంటే, లోతు తక్కువైన నేల, నీటి ఎద్దడి, ముదురు తోటలు, తక్కువ కాపు అన్నీ కలిసి చిన్న గింజలను, మందమైన రసాన్ని ఇస్తాయనడం సబబు. నిల్వ చేసిన మంచి క్రూలు క్రమంగా పీనో వైన్ పోలికలు సంతరించుకుంటాయి. దీనికి ఫ్రెంచివారు 'పీనో అవడం' అనే అర్థంలో ఒక క్రియాపదమే కల్పించుకున్నారు. జన్యు పరీక్షలకు చాలా ముందే నాలుక తండ్రి పోలికను పట్టుకుందన్నమాట.

భోజనంతో జత

వైన్‌ను ఆహారంతో జతపరచడం అభిరుచి విషయమే అయినా దాని వెనుక కొంత రసాయన శాస్త్రం ఉంది. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకోవడం వల్ల నోరు పొడిబారి వగరు తెలుస్తుంది. టానిన్లు ఎక్కువగా ఉన్న వైన్లకు కొవ్వు, ప్రోటీన్లు దండిగా ఉన్న ఎర్ర మాంసం నప్పుతుంది. టానిన్లు తక్కువైన బోజొలేకు ఆ అవసరం లేదు. దాని పులుపు కొవ్వు జిడ్డును నోటి నుంచి తొలగిస్తుంది. ఉప్పగా, కొవ్వుగా, చిన్న ముక్కలుగా వడ్డించే ఆహారంతో ఇది బాగా కుదురుతుంది.

లియాన్ నగరంలోని 'బూషోన్' అనే చిన్న భోజనశాలలలో ఈ జతను శతాబ్దాలుగా పాటిస్తున్నారు. ఎండబెట్టిన పంది మాంసపు సాసేజ్, పేగులతో చేసే ఆందుయెత్, ఉడికించిన మసూర్ జాతి పప్పు సలాడ్, మూలికలు కలిపిన తాజా జున్ను, మెత్తని సాన్-మార్సెలాన్ జున్ను అక్కడి వంటకాలు. వైన్‌ను అడుగు మందంగా ఉండే 46 సెంటీలీటర్ల సీసాలో తెచ్చి పెడతారు. బ్రెస్ ప్రాంతపు కోడిమాంసానికి ఫ్లూరీ, బ్రూయీ తగినవి. వేటమాంసానికి, పుట్టగొడుగుల కూరలకు నిల్వ చేసిన మోర్గాన్ తగినది. సాధారణ బోజొలేను 12 నుంచి 14 డిగ్రీల వద్ద, క్రూలను కొద్దిగా ఎక్కువ ఉష్ణోగ్రతలో వడ్డిస్తారు. చల్లదనం పండ్ల వాసనను నిలిపి, ఆల్కహాలు ఘాటును తగ్గిస్తుంది.

మిరపకారం విషయంలో ఒక మాట. కారపు మంటను ఆల్కహాలు పెంచుతుంది, టానిన్ల వగరు దానికి తోడవుతుంది. కారంగా వండిన మాంసంతో ఎర్ర వైన్ ఇవ్వవలసి వస్తే చల్లబరచిన తేలికపాటి గామేను సూచించడానికి ఇదే కారణం.

సడలిన పొందిక

కోత పూర్తయిన కొద్ది వారాలకే అమ్మే 'నువో', అంటే కొత్త వైన్, మొదట స్థానిక ఆచారం. 1951లో ముందస్తు అమ్మకానికి అధికారిక అనుమతి లభించింది. 1985 నుంచి ఏటా నవంబరు మూడో గురువారం విడుదల తేదీగా స్థిరపడింది. జార్జ్ దుబఫ్ అనే వ్యాపారి చేసిన ప్రచారంతో ఇది ప్రపంచ ఉత్సవమైంది. జపాన్ అతిపెద్ద విదేశీ మార్కెట్ అయింది. అమెరికాలో వారం తరువాత వచ్చే థాంక్స్‌గివింగ్ విందులో టర్కీ మాంసంతో దీనిని తాగడం అలవాటైంది. రైతుకు ఆరు వారాలలో సొమ్ము చేతికొచ్చేది. ఒక దశలో ప్రాంతపు ఉత్పత్తిలో దాదాపు సగం ఈ కొత్త వైన్‌గానే అమ్ముడైంది.

అంత గిరాకీకి తోటలు విస్తరించాయి, తగని నేలల్లోకీ వ్యాపించాయి, కాపు పెరిగింది. పక్వం కాని పండులో చక్కెర లోటును బయటి చక్కెర కలిపి పూడ్చారు. నాలుగైదు రోజుల కిణ్వనంలో రుచి లోటును 71బి వంటి ఎంపిక చేసిన ఈస్టు పూడ్చింది. ఆ ఈస్టు అరటిపండు వాసన గల ఎస్టరును అధికంగా ఉత్పత్తి చేస్తుంది. ఎక్కడి వైనైనా ఒకే వాసన వేయసాగింది. 1395 నాటి ఫిర్యాదు, దానికి మూలమైన పరిస్థితులు, ఆరు శతాబ్దాల తరువాత గామే సొంత గడ్డపైనే పునరావృతమయ్యాయి. 2001 పంటలో అమ్ముడుపోని పది లక్షల పైచిలుకు పెట్టెల వైన్‌ను స్పిరిట్‌గా మార్చవలసి వచ్చింది. శతాబ్దం ఆరంభంలో 20 వేల హెక్టార్లు దాటి ఉన్న తోటల విస్తీర్ణం క్రమంగా తగ్గుతూ వచ్చింది. నష్టంలో పెద్ద వాటా, భూస్వామితో పంటను సగపాలుగా పంచుకునే చిన్న వైన్ రైతులపై పడింది. చేతికోత, పొట్టి గిన్నె కత్తిరింపు వల్ల వారి ఖర్చు తగ్గేది కాదు, ధర మాత్రం పడిపోయింది.

మరోవైపు జూల్ షోవే బోధనలను అనుసరించిన మోర్గాన్ పరిసరాల కొందరు రైతులు 1980 దశకం నుంచే తక్కువ కాపు, పూర్తి పక్వత, సహజ ఈస్టు, అతి తక్కువ గంధక ప్రయోగం వైపు మళ్లారు. వారి వైన్లకు నేడు లభిస్తున్న ధర సాధారణ బోజొలేకు అనేక రెట్లు. ఇతరులు వరుసల మధ్య దూరం పెంచి, తీగెలను తీగ కంచెపైకి ఎక్కించి, వరుసల మధ్య గడ్డి పెంచుతున్నారు. వాలు నేలల కోత తగ్గడానికి, యంత్రాలు తిరగడానికి ఇది ఉపకరిస్తుంది. అయితే లోతు తక్కువైన ఇసుక నేలలో గడ్డి నీటికి పోటీ పడుతుంది.

వేడెక్కుతున్న వాతావరణం ఈ లెక్కలన్నింటినీ మళ్లీ మారుస్తున్నది. సెప్టెంబరులో మొదలయ్యే కోత 2003 వంటి ఏడాదిలో ఆగస్టు మధ్యకే మొదలైంది. అటువంటి పంటలలో చక్కెర ఎక్కువ, పులుపు తక్కువ. ఒకప్పుడు చక్కెర కలపవలసి వచ్చిన చోట ఇప్పుడు 14 శాతం ఆల్కహాలు దాటకుండా చూడవలసి వస్తున్నది. త్వరగా పక్వమయ్యే గుణం చలి శతాబ్దాలలో గామేకు వరం. వేసవి ఎండలో గింజలు మాడే ప్రమాదం పెరుగుతున్న ఈ రోజుల్లో అదే గుణం రైతును షిరూబ్ల్ వంటి ఎత్తైన, చల్లని వాలుల వైపు, కొన్నిచోట్ల ఉత్తరాభిముఖ భూముల వైపు నడిపిస్తున్నది.